ఒక్క రింగు

మా మామగారిది పసుపు వ్యాపారం. జపాన్‌లో ఒక పార్టీ ఉంది, వాళ్లు ఆర్డరు ఈ రోజుకీ ఫ్యాక్స్‌లోనే పెడతారు. దుకాణంలో దుమ్ము పడుతుందని ఆ మిషన్‌ను గుమ్మడిదలలోని మా ఇంటి హాల్లో పెట్టారు. మామగారు పొద్దున దేవుడికి అగరుబత్తి తిప్పాక దానికీ ఒకసారి తిప్పుతారు. నాకు ఒళ్లు మండేది.

పాత తీగ ఫోన్ ఉన్నన్నాళ్లు ఏ గొడవా లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ తీగ తెగింది, మళ్లీ ఎవరూ అతకలేదు. సిమ్ వేసే డబ్బా ఫోన్ తెచ్చి తగిలిస్తే మాటలు బాగానే వినపడేవి, కాగితం మాత్రం సగం వచ్చి ఆగిపోయేది. ఆఖరికి ఇంటర్నెట్ ఫైబర్ తీసుకున్నాం. పాత నంబరే ఇచ్చారు. నెట్ మనిషి ఫైబర్ డబ్బాకు ఫ్యాక్స్‌ను, ఫ్యాక్స్‌కు ఫోన్‌ను కలిపి, వేగం తగ్గించి, నానా తంటాలు పడ్డాడు. "బెల్లు మోగినంక ఎత్తితే పేజీ పట్టుకుంటలేదు సార్. మోగకముందే మిషనే ఎత్తేటట్టు పెట్టిన" అన్నాడు. జపాన్ కాగితం నిండుగా వచ్చింది. మామగారు అతనికి మిఠాయి పెట్టించారు.

ఆ మాటకు మాకెవరికీ భయం వేయలేదు. వేయాల్సింది.

మా ఆయనకు దుకాణం పడలేదు. ఊరి పక్కనే మందుల ఫ్యాక్టరీలో పని. లోపలికి సెల్‌ఫోన్లు పోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఏదైనా ప్రమాదం జరిగితే అందరినీ వెనక గేటు బయటికి తోలుతారు. అక్కడ ఉన్నది ఒకటే ఫోన్. వరసలో నిలబడి ఒక్కొక్కరు ఇంటికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు. ఒక్క రింగంటే క్షేమం. మాటలు పెట్టుకుంటే వెనకవాళ్లు ఊరుకోరు. నా సెల్ నంబరు మా ఆయనకు నోటికి రాదు, వచ్చేది ఇంటి నంబరొక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం నేనూ మామగారూ అన్నాలు తింటుంటే సైరన్ మోగింది. డాబా ఎక్కి చూస్తే ఫ్యాక్టరీ మీద తెల్లటి పొగ, ఇటే వస్తోంది. గొంతు గరగరలాడింది. కిందికి ఉరికి, తలుపులు మూసి, ఫోన్ ముందు కూర్చున్నాను. చేతికి అన్నం ఎండిపోయింది.

పక్కింటామె కిటికీలోంచి పిలిచింది. "మా ఆయన రింగిచ్చిండు అక్కా. మీకు రాలేదా?"

రాలేదు. ఆమె మొగుడూ మా ఆయనా ఒకే షిఫ్టు, ఒకే షెడ్డు.

అంతలో మిషన్ కుయ్‌మంది. దీపం వెలిగి ఆరింది, కాగితం రాలేదు. కాసేపటికి మళ్లీ కుయ్‌మంది.

"దీని మొఖం మండ! గిప్పుడే రావాల్నా వాళ్ల ఆర్డరు?" అని అరిచాను.

"లైను పట్టుకొని కూసున్నది బిడ్డా. వాడు జేస్తే కలుస్తలేదేమో" అన్నారు మామగారు. రోజూ అగరుబత్తి తిప్పే చేత్తోనే మిషన్‌వీ ఫైబర్ డబ్బావీ వైర్లన్నీ గుంజేశారు.

ఫోన్ ఎత్తి చూశాను. ఏ చప్పుడూ లేదు. ఫ్యాక్స్‌లోంచి కదా దానికి లైను వచ్చేది! అప్పుడు నెట్ మనిషి మాట తలకెక్కింది. మోగకముందే ఎత్తుతుంది. ఆ కుయ్‌మన్నవి జపాన్‌వి కావేమో. ఆశ పెట్టుకోవడానికి కూడా భయమేసింది. మామగారు ఏ వైరు ఎక్కడిదో వెతుకుతున్నారు. ఇద్దరికీ తెలియదు.

తలుపు దబదబ బాదారు. తెరిస్తే మా ఆయన. కాళ్లకు చెప్పుల్లేవు, ముక్కుకు తడిగుడ్డ. సంతోషం రావాల్సిన చోట కోపం వచ్చింది.

"ఒక్క రింగియ్యనీకి ఏమైంది?" అంటూ గుండెల మీద గుద్దాను.

ఆయన నా చేతులు పట్టుకోలేదు. నన్ను చూశాడు, వాళ్ల నాన్నను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"రెండుసార్లు కొడితే మిషన్ ఎత్తింది. మూడోసారి లైనే లేదు. గాలి చూస్తే ఊరి దిక్కే ఉన్నది" అన్నాడు. "ఇంట్ల శవాలుంటయ్ అనుకుంట ఉరికొచ్చిన."