పదకొండు అంగుళాల నీళ్లు

మా వీధి చివర కొత్తగా వచ్చిన బేకరీలో సాయంత్రం నాలుగింటికి ఓవెన్ తలుపు తెరుస్తారు. దోరగా కాలిన పిండి, నెయ్యి, యాలకులు, లోపల మెత్తబడిన ఖర్జూరం అన్నీ కలిసిన వాసన రోడ్డు మీదికి వస్తుంది. అది ముక్కుకు తగిలాక నేను కరీంనగర్‌లో ఉండను. పదేళ్ల పిల్లనై, ఒమన్‌లో, సహం ఊళ్లో, ఒక పెద్ద వంటింటి మధ్యలో నిలబడి ఉంటాను. అందరూ నా నోటి వంకే చూస్తుంటారు.

నాన్నది జగిత్యాల దగ్గరి పల్లె. సహంలో గ్యాస్ ఫిట్టింగ్ కంపెనీలో పని. ఇళ్లకు గొట్టాలు వేయడం, సిలిండర్లు బిగించడం, పొయ్యికి గ్యాస్ సరైన ఒత్తిడితో వస్తోందో లేదో చూసి సరిచేయడం ఆయన డ్యూటీ. మా రూమ్ సముద్రానికి దగ్గర. పొద్దున కిటికీ తీస్తే ఇసుకలో ఎండబెట్టిన చిన్న చేపల వాసన, మధ్యాహ్నం ఇనుప తలుపు ముట్టుకుంటే చేయి చుర్రుమనే ఎండ, సాయంత్రం తోటల వైపు నుంచి నీళ్లు పారిన మట్టి చల్లదనం. మా ఆటలన్నీ నీడను బట్టే సాగేవి; గోడ నీడ జరిగే కొద్దీ తొక్కుడుబిళ్ల గళ్లు కూడా జరిపి గీసుకునేవాళ్లం. రంజాన్ నెలలో పొద్దు గుంకే వేళకు ఇరుగుపొరుగు నుంచి మూతపెట్టిన గిన్నెలు వచ్చేవి: మాంసం, గోధుమలు కలిపి మెదిపిన హరీస్, వేడి సమోసాలు, కుంకుమపువ్వు రంగు దిగిన హల్వా. అమ్మ ఆ గిన్నెలను ఖాళీగా తిప్పి పంపేది కాదు, నాలుగు సకినాలైనా వేసి ఇచ్చేది.

నాన్న పనిముట్లలో నాకిష్టమైనది ఒక చెక్కబద్ద. దాని మీద పారదర్శకమైన గొట్టాన్ని యూ అక్షరంలా వంచి బిగించుకున్నాడు. సగం వరకు నీళ్లు పోసి, ఒక కొసను పొయ్యి గొట్టానికి తగిలిస్తే, గ్యాస్ నెట్టినప్పుడు ఒక పక్క నీళ్లు కిందికి దిగి రెండో పక్క పైకి లేచేవి. ఆ రెండు మట్టాల మధ్య తేడా పదకొండు అంగుళాలుంటే పొయ్యి ఆరోగ్యంగా ఉన్నట్టు. నీళ్లు బాగా కనపడాలని అమ్మ అందులో చిటికెడు కుంకుమ కలిపేది. కంపెనీ ఇచ్చిన గడియారం లాంటి మీటరు ఉన్నా నాన్నకు ఈ నీళ్లబద్ద మీదే నమ్మకం.

ఆ రంజాన్ చివరి శుక్రవారం నాన్నకు ఓబుళమ్మత్త ఫోన్ చేసింది. ఆమెది రాయచోటి వైపు. సహంలోనే ఒక ఒమానీ ఇంట్లో వంటమనిషి. నాన్నను అన్నా అనేది కాబట్టి నాకు అత్తయింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నా, నువ్వొక తూరి వచ్చిపోవల్ల. మూడు దినాలాయ, నేను పెట్టిండే బిస్కెట్లు ఒగటీ కాల్లేదు. పైన తెల్లగా, లోన పచ్చిగా. ఎవురో మెకానిక్కొచ్చి పొయ్యి బాగుందని జెప్పిపాయ. ఇంగ తప్పు నాదే అంటాండారు. పండగైనంక నన్ను పంపిచ్చి ఇంకో మనిషిని తెచ్చుకుంటారంట."

"నీ చేతిల తప్పేం లేదు చెల్లె. వస్తున్న ఆగు" అన్నాడు నాన్న. బడికి సెలవు కదా, నేనూ పికప్ ఎక్కాను.

ఆ వంటింట్లో నాలుగు పొయ్యిలు, వాటి కింద పెద్ద ఓవెన్. బల్ల నిండా ఖర్జూరపు ముద్ద కూరి, చెక్క అచ్చులతో పువ్వులు అద్దిన బిస్కెట్లు వరసగా కాల్చడం కోసం ఎదురుచూస్తున్నాయి. ఇంటి పెద్దావిడ మూలన కుర్చీలో జపమాల తిప్పుతూ కూర్చుంది. ఇంటిల్లిపాదీ ఆమెను మామా అనేవాళ్లు, అంటే అమ్మ అని. కోడలు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఓబుళమ్మత్త పొడి పిండి చేతులను కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

నాన్న ఒక పొయ్యి వెలిగించి నీళ్లబద్ద తగిలించాడు. నా స్కూలు స్కేలుతో కొలిచాను. సరిగ్గా పదకొండు. కోడలు చూశావా అన్నట్టు కనుబొమలెత్తింది. అత్త ముఖం వాడిపోయింది.

"ఒక్కటి ముట్టిచ్చి సూస్తె తప్పు దొరకది. అన్ని ముట్టియ్యి చెల్లె" అన్నాడు నాన్న.

నాలుగు పొయ్యిలూ ఓవెనూ వెలిగేసరికి ఎర్రనీళ్లు జారడం మొదలుపెట్టాయి. తొమ్మిది, ఏడు, అయిదు. మంటలు పొట్టివైపోయి నీరసంగా ఊగాయి. ఓవెన్ లోపలి మంట అయితే కనపడీ కనపడకుండా ఉంది. పండగ వంటలకు అన్నీ ఒకేసారి వెలిగించేవాళ్లు. గ్యాస్ చాలేది కాదు.

పెరట్లో సిలిండర్ల గూటి దగ్గర నాన్న గ్యాస్ కట్టేసి రెగ్యులేటర్‌ను తడిమి చూశాడు. దాని పక్కన గాలి ఆడేందుకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో ఏదో పురుగు చక్కగా మట్టి గూడు కట్టుకుంది. నాన్న ఖర్జూరపు ఆకు ఈనె తుంచి, లోపలి పొరకు తగలకుండా ఆ మట్టిని మెల్లగా రాల్చాడు. తర్వాత అత్త మళ్లీ అన్నీ వెలిగించింది. నాన్న రెగ్యులేటర్ మూత విప్పి, లోపలి మరను స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే, కిటికీలోంచి అంకెలు చెప్పే పని నాది.

"ఎంతున్నది బిడ్డా?"

"తొమ్మిది!"

"ఇప్పుడు?"

"పది! పదిన్నర! పదకొండు, పదకొండు నాన్నా, ఆపు!"

నా వెనక మామా కూడా నవ్వుతూ నా మాటే పలకబోయి "పదకోండు" అంది.

మంటలు నీలంగా, నిక్కచ్చిగా నిలబడ్డాయి. నాన్న అన్నీ ఆర్పి ఒత్తిడి మరీ పెరగడం లేదని చూసి, గొట్టాల బిగింపుల దగ్గర సబ్బునురగ రాసి గ్యాస్ కారడం లేదని నమ్మకం కుదిరాకే మూత బిగించాడు. అరచేతిలో మట్టి గూడు తెచ్చి చూపించాడు. "ఇగో దొంగ" అన్నాడు.

అత్త ఓవెన్ వేడెక్కాక మొదటి పళ్లెం లోపల పెట్టింది. కాసేపటికి ఇల్లంతా ఆ వాసన. బిస్కెట్ల పైన పువ్వులు బంగారురంగు తిరిగాయి. కానీ లోపల కాలిందో లేదో తెలిసేదెలా? ఇంటివాళ్లందరికీ ఉపవాసం, వాళ్ల ముందు తినడం మర్యాద కాదని అత్తా నాన్నా మంచినీళ్లు కూడా ముట్టలేదు. మామా నా వైపు వేలు చూపి ఏదో అంది.

"నిన్నే తినమంటాంది పాపా. నిజమే జెప్పు. నా కోసరమని అబద్ధం జెప్పాకు" అంది అత్త.

నేను సగం కొరికాను. లోపలి ఖర్జూరం నిప్పులా ఉంది. నాలుక కాలి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అత్త గుండె మీద చేయి వేసుకుంది. నేను గుటకవేసి, ఊపిరి తీసుకుని, "ఇంకొకటి తినొచ్చా?" అన్నాను.

ముందుగా నాన్న పకపకా నవ్వాడు. అత్త నన్ను పిండిచేతులతోనే వాటేసుకుంటే నా గౌను వీపంతా తెల్లబడింది. కోడలు ఒక బిస్కెట్ విరిచి లోపల చూసి, అత్త భుజం మీద చేయివేసి, క్షమించమని అరబ్బీలో రెండుసార్లు అంది. అత్త "మాఫీ ముష్కిల్, ఏం పర్వాలేదు" అంటూనే ఏడ్చేసింది. అజాన్ వినపడగానే మామా అందరికంటే ముందు అత్త చేతికే ఖర్జూరపండు, మంచినీళ్లు అందించింది.

అత్త ఆ ఇంట్లో ఇంకా తొమ్మిదేళ్లు వండింది. మోకాళ్లు సహకరించక తనే ఇక చాలనుకుని వచ్చేసింది, ఎవరూ పంపెయ్యలేదు. మామా ఇప్పుడు లేదు. మేమున్న రూముల వరస పడగొట్టారట. ఆ వంటింట్లో ఇప్పుడు కరెంటు ఓవెన్, సిలిండర్ల గూడు తీసేశారు. మా ఇంట్లో నాన్న నోట్లో తిరిగే అరబ్బీ మాటలు కూడా ఒక్కొక్కటే రాలిపోయాయి.

అక్కడి కబుర్లన్నీ ఆ కోడలు చెప్పినవే. ప్రతి పండగకూ అత్తకు ఫోన్ చేస్తుంది. పోయిన పండగకు నేను రాయచోటిలో అత్త దగ్గరే ఉన్నాను. అత్త అరబ్బీ మర్చిపోయిన కొద్దీ గొంతు పెంచి, వీధంతా వినపడేలా పావుగంట మాట్లాడింది. పెట్టేశాక ఏమందత్తా అని అడిగాను.

"ఏమో పాపా, సగం అర్థం గాలే" అంది. "ఆయమ్మ ఆడ నగుతాండాది, నేనీడ నగినా."