మూడో దీవి

ఆ గడియారాల మరమ్మతుదారుకు యాభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి ఊసు ఎన్నడో అడుగంటింది. సాయంత్రం స్ప్రింగులను డబ్బీలో సర్ది, కంటి భూతద్దం తీయకుండానే మూడు కరేబియన్ దీవుల సముద్రయాత్రలకు దరఖాస్తు కాగితాలు పరచుకొని కూర్చుంటాడు. ఈతకొలనులో రెండేళ్ళు శ్రమించి, వీపున గాలి సిలిండరుతో నీటి అడుగున సంచరించడం నేర్చాడు; సముద్రంలో మాత్రం ఇంకా దిగలేదు. మొదటి దీవిలో పగడాలు కొండలై నిలిచాయట. రెండోదానిలో తాబేళ్ళు మందలుగా తిరుగుతాయట. ఆ రెండు దరఖాస్తులూ ఒక్క గడి తప్ప నిండాయి: ‘నీటిలో మీ తోడు పేరు’. సముద్రగర్భంలోకి ఎవరూ ఒంటరిగా దిగరాదన్నది ఆ విద్యకు ప్రథమ నియమం. ఏడాదిగా ఆయన కలం ఆ గడి దగ్గరే ఆగిపోతున్నది.

ఆనాడు పక్క దుకాణపు దర్జీ తొంగిచూసి, “ఏం గురువుగారూ, పెళ్ళిసంబంధాల్లా తిరగేస్తున్నారు, ఏ దీవి ఖాయం?” అన్నాడు.

“మూడోది.”

“అదేంటి! అక్కడ పగడాల్లేవు, తాబేళ్ళూ లేవన్నారుగా?”

ఆయన భూతద్దం తీసి తుడిచాడు. “ఒంటరిగా వచ్చేవాళ్ళకి తోడుని అక్కడివాళ్ళే ఇస్తారటయ్యా. నీళ్ళలో పక్కనే ఉండి, మాటిమాటికీ ‘బాగున్నావా’ అని చేత్తో అడుగుతాడట.”

దర్జీ నవ్వబోయి మానుకున్నాడు. మరమ్మతుదారు బొటనవేలినీ చూపుడువేలినీ సున్నాలా కలిపి, ఆ ప్రశ్నకు చెప్పవలసిన జవాబును ఒకసారి అభ్యసించాడు.