గ్రహణానికి పోగా మిగిలిన ముక్క

పోయిన వారం మా అమ్మ సంవత్సరీకానికి అక్కా బావా తాండూరు నుంచి తెచ్చిన పటం చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. బంతిపూల దండ వేసి గోడకు ఆనించిన ఆ పటాన్ని వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అని మెచ్చుకున్నారు గానీ, అందులో ఉన్నది మా అమ్మ కాదు, మైనం పూసిన బొమ్మ. ముడతలు లేవు, కంటి కింది నీలి నరం లేదు, అన్నిటికన్నా ఘోరం, గడ్డం మీది పచ్చబొట్టు లేదు. చిన్నప్పుడు మర్పల్లి అంగడిలో వాళ్ల నాయనమ్మ రెక్క పట్టుకొని కూచోబెడితే ఏడ్చుకుంటూ పొడిపించుకున్నానని అమ్మ జీవితమంతా చెప్పుకున్న ఆ చుక్కను, పటాలు కట్టే దుకాణంలో ఎవడో మచ్చ అనుకొని తుడిచేశాడు. నాకు రోత పుట్టింది. చుట్టాల ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను గానీ, ఆ పటానికి మాత్రం దండం పెట్టలేదు.

ఆ ఫొటో తీసింది నేనే. అమ్మకు ఫొటో అంటే పడదు. నేను కెమెరా ఎత్తానంటే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఊరందరి ఫొటోలూ తీసి బతికిన నా దగ్గర కన్నతల్లి ఫొటో లేదంటే నమ్మరు. చివరి ఏడు ఒకనాడు వికారాబాద్‌లో మా ఇంటి గడప దగ్గర కూచొని కందులు చెరుగుతుంటే, రెండు చేతులూ చేటకే ఉన్నాయి కదా అని ఠక్కున తీశాను. వెనక వాకిట్లో బండల మీద ఎండ తెల్లగా కొడుతోంది, ముఖం నల్లబడింది. అయినా నేను ఫికర్ చేయలేదు. ఎందుకంటే నా కెమెరా ప్రతి ఫొటోనూ రెండు తీర్లుగా దాస్తుంది. ఒకటి జేపెగ్, అంటే వండి వడ్డించినది, ఏ ఫోన్లోనైనా చూసుకోవచ్చు. రెండోది రా ఫైలు, అంటే ముడిసరుకు, దాన్ని తెరవడానికి వేరే సరంజామా కావాలి గానీ చీకట్లో మునిగిన ముఖాన్ని కూడా అందులోంచి పైకి తేవచ్చు. నా తరంవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, జేపెగ్ ప్రింటు, రా ఫైలు నెగటివ్. తీరిగ్గా చేద్దాంలే అని బద్ధకించాను, అది నా తప్పే. మొన్నటి వానకాలం నా కంప్యూటర్ చచ్చిపోయింది. అయితే ఇంట్లో ఫొటోలన్నీ రెండు తీర్లవీ మేనకోడలి లాప్‌టాప్‌లో పెట్టించాను కదా అని ధైర్యంగా ఉన్నాను. అక్కడున్న రా ఫైలు దొరికితే చాలు, అమ్మ ముఖం, ఆ చుక్కతో సహా, నాకు తిరిగి వచ్చినట్టే. సంవత్సరీకం అయిన తెల్లారే తాండూరు రైలెక్కాను.

ఆ రైలెక్కితే నాకు మా ఉస్తాద్ గుర్తుకు రాకుండా ఉండడు. తాండూరులో ఆయన స్టూడియోలోనే నేను పని నేర్చుకున్నాను. చుట్టూ బండలు కోసే మిషన్ల దుమ్ము, కళ్లల్లో, చాయ్‌లో, ఆఖరికి కలల్లో కూడా అదే దుమ్ము. నెగటివ్ మీద ఒక్క రేణువు పడితే ప్రింటులో పెండ్లికూతురు ముక్కు మీద తెల్లమచ్చ. అందుకని ఉస్తాద్ తలుపుకు ఎప్పుడూ తడిగుడ్డ వేలాడదీసేవాడు, అది ఆరితే నన్ను తిట్టేవాడు. నెగటివ్‌ను అంచులు పట్టుకునే ఎత్తాలి, వేలు మధ్యలో తగిలిందా, ఆ పూట నాతో మాట్లాడేవాడు కాదు. ప్రింటు గిరాకీది బేటా, నెగటివ్ దుకాణానిది, ప్రింటు చినిగితే మళ్లీ వస్తది, నెగటివ్ పోతే మనిషి పోయినట్టే అని ఆయన రోజుకొకసారి అనేవాడు. నేను సొంతంగా తీసిన మొదటి పెండ్లి మా అక్కదే, ఉస్తాద్ కెమెరాతో. ఆ నెగటివ్‌లన్నీ బిస్కెట్ల రేకుడబ్బాలో సర్ది అమ్మ దగ్గర దాచాను.

ఆ డబ్బాకు పట్టిన గతి నేను మరిచిపోలేదు, మరిచిపోను. పెండ్లయిన కొన్నేండ్లకు సూర్యగ్రహణం వచ్చింది. అత్తగారింటికి వచ్చిన మా బావ, ఉట్టి కండ్లతో చూడొద్దని ఎవరో చెబితే, డబ్బా మూత తీసి వాడకట్టు పిల్లలందరికీ తలా ఒక నెగటివ్ పంచిపెట్టాడు. నేను స్టూడియో నుంచి వచ్చేసరికి గ్రహణం విడిచింది, నా నెగటివ్‌లు మోరీలో, పేడకుప్ప మీద, కోళ్ల కాళ్ల కింద. నేను లబోదిబోమంటుంటే ఆయన పండ్లికిలించి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఏమోయ్ బామ్మర్ది, పెండ్లి అయిపాయె, ఆల్బం ఇంట్ల ఉండె, గీ నల్లముక్కలు దేనికి? దిష్టికి కట్టనీకా?"

అందరూ నవ్వారు. ఆ ఆల్బంను తరవాత చెదలు తిన్నాయి. అప్పుడెవరూ నవ్వలేదు.

తాండూరులో అక్క ఇంటికి వెళ్లి, చెప్పులు విడవకముందే లాప్‌టాప్ తెమ్మన్నాను. మేనకోడలు తెరిచి చూపించింది. జేపెగ్‌లు ఉన్నాయి, రా ఫైళ్లు ఒక్కటీ లేవు. జేపెగ్‌లో అమ్మ ముఖం నల్లటి మరకే, వెలుగు పెంచితే చుక్క కూడా మచ్చలా చెదిరిపోతుంది. నేనడిగితే, ఆ పిల్ల ఇల్లు సర్దిన బిడ్డ చెప్పినంత సంబరంగా చెప్పింది.

"ఒక్కటే పేరు మీద రెండు రెండు ఉన్నయి మామా, జాగ చాలకపాయె. బొమ్మ కనవడేటివి ఉంచిన, కనవడనియి తీసేసిన."

లాప్‌టాప్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసిందట, శుభ్రంగా. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది? అక్క తెచ్చిన చాయ్ నేను ముట్టలేదు. ఈ ఇంట్లో తండ్రికి నెగటివ్ విలువ తెలియదు, బిడ్డకు రా ఫైలు విలువ తెలియదు, మా అమ్మను మీరిద్దరూ కలిసి రెండుసార్లు చంపారు అనేశాను. మేనకోడలి ముఖం తెల్లబోయింది. అక్క కొంగుతో కండ్లు తుడుచుకుంది. నాకు జాలి కలగలేదు, వెగటే కలిగింది.

అప్పటిదాకా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న బావ మెల్లగా లేచాడు. మోకాళ్లు పట్టుకుంటూ బీరువా దగ్గరికి పోయి, భూమి కాగితాల సంచిలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు.

"నేను సూర్యున్ని జూసిన ముక్క ఇదే. నీకియ్యాల్నంటె మొఖం చెల్లకపాయె బామ్మర్ది."

కిటికీ దగ్గరికి పోయి వెలుగుకు పెట్టి చూశాను. పెండ్లిపీటల మీద బావ కాళ్లు, పక్కన నాయన, వంగి చెంబుతో నీళ్లు పోస్తున్న అమ్మ. రెండు చేతులూ చెంబుకే ఉన్నాయి కనక కొంగు అడ్డం రాలేదు. నెగటివ్ కదా, ముఖం నల్లగా ఉంది, ఆ నలుపులో గడ్డం మీద సన్నని తెల్లని చుక్క. పచ్చబొట్టు. మా వాడకట్టు మీద గ్రహణం పట్టిన సూర్యుణ్ణి ఈ మనిషి మా అమ్మ ముఖంలోంచి చూశాడు. సరిగ్గా నుదుటి మీద ఆయన బొటనవేలి ముద్ర కూడా అచ్చుపడి ఉంది. అంచులు పట్టుకోవాలని ఈయనకు ఎవరు చెప్పాలి?

క్షమించానని అనలేదు, క్షమించలేదు కనక. పొట్లం జేబులో పెట్టుకొని వచ్చే రైలుకే తిరిగొచ్చాను. తెలిసినవాళ్ల దగ్గర దాన్ని స్కాన్ చేయించి, పెద్ద ప్రింటు తీయించి, ఆ మైనపు బొమ్మ ఉన్న చోట పెట్టాను. వేలిముద్రను తుడవబోతే పైపొర లేచిపోతుందన్నారు, అట్లాగే ఉంచాను. మేనకోడలు నాక్కూడా పంపు మామా అని నిన్న మెసేజ్ పెట్టింది. జేపెగ్ పంపాను. నెగటివ్ నా దగ్గరే ఉంటుంది.

మా కాలంలో మనుషులు వస్తువులను పాడుచేశారు, నేను కాదనను. మోరీలో పారేశారు, కోళ్ల కింద వేశారు. కానీ పారేసిన దాంట్లో ఒక ముక్క ఎవరి సంచిలోనో సిగ్గుపడుతూ నలభై ఏండ్లు దాక్కొని ఉండేది. ఈ పిల్ల తీసేసింది ఏ మోరీలో వెతకను? మా బావకు దాచుకోవడానికి సిగ్గన్నా మిగిలింది. ఈ కాలం పిల్లలకు అది కూడా మిగలదు కదా అని, అమ్మ నుదుటి మీది ఆ పాడు వేలిముద్రను చూసినప్పుడల్లా అనుకుంటాను.