నిమ్మగడ్డి నూనె రాసిన దూడ

మాది నౌపడ దగ్గర పల్లె. పోయిన వానాకాలం మా ఆవు ఈనింది. దూడను ఈగలు పీక్కుతింటుంటే, నిమ్మగడ్డి నూనె రాస్తే పశువు నిమ్మళంగా ఉంటాదని ఫోన్‌లో చూశాను. చదువు అయిదో తరగతితో ఆపేశాను గానీ వీడియోలు ఆఖరిదాకా చూస్తాను. నూనెను దూడకి తల నుంచి తోక దాకా పట్టించాను.

ఈగలు పోయాయి. వాటితోపాటు ఆవు నిమ్మళమూ పోయింది. దూడ పాలకి వెళ్లినప్పుడల్లా ఆవు దాని వాసన చూసి కొమ్ముతో నెట్టేసింది. సాయంత్రానికి దూడ లేవలేక కూలబడింది. నేను పశువుల సాలలోకీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాను.

“మావా, అత్తరు పూసి పెళ్లికొడుకుని సేసినావు. తల్లి ఎలా పోల్చుకుంటాది?” అంది నా భార్య పార్వతి.

ఇద్దరం దూడని కుంకుడురసంతో కడిగాం. తన్నులు తింటూనే ఆవు పాలు పిండి దూడ వీపుకి రాసి, పైన ఉప్పూ తవుడూ చల్లాం. ఆవు బుసకొట్టి వెనక్కి తగ్గింది. మళ్లీ వచ్చి ఉప్పు నాకింది. ఉప్పు అయిపోయినా నాకుతూనే ఉంది. దూడ లేచి పొదుగు అందుకుంది.

సంబరంగా ఆవు మెడ నిమరబోతే, నా చెయ్యి వాసన చూసి కొమ్ము విసిరింది.

“కుంకుడురసం ఇంకా మిగిలున్నాది, రా” అంది పార్వతి.

ఆ నూనె ఇప్పుడూ వాడతన్నాను, సాల గుంజలకి. దూడ వాసన జోలికి మాత్రం పోను. అది తల్లీబిడ్డల మధ్య సంగతి.