మామ్మగారి చెయ్యి ఎవరి మెడ మీద

డయాలసిస్ వ్యానులో పనికి చేరకముందు సాయిదుర్గ కృత్తివెన్ను దగ్గర షెడ్డులో రొయ్యలు వొలిచేది. ఐసునీళ్ళలో వేళ్ళు పాలిపోయేవి. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. "ఏయ్, ఆ ట్రే ఇటు తొయ్యి" అనడమే. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు, రోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకొచ్చి మళ్ళీ దింపి రావడానికి మనిషి కావాలంటే వెళ్ళి కుదిరింది.

కోడూరులో ఉండే సౌభాగ్యమ్మగారు ఆమెకు తొందరగా అలవాటయ్యారు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు వంగవు. వ్యాను ఆగిన చప్పుడు వినగానే "మా దుర్గ వచ్చిందా?" అని లోపల్నుంచే కేకేసేవారు. కొడుకు చెయ్యి అందించినా విదిలించుకుని, సాయిదుర్గ మెడ చుట్టూ చెయ్యి వేసే లేచేవారు. "ఆవిడ నీకు తప్ప ఎవరికీ లొంగదమ్మాయ్" అని డ్రైవరు కొండయ్య అన్న రోజున సాయిదుర్గకు అన్నం తినకపోయినా కడుపు నిండినట్టుండేది. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు మరి. పెళ్ళయిన కొత్తల్లోనే మొగుడు గుడివాడలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు.

అలాంటప్పుడు నాజ్నీన్ అదే వ్యానులో పనికి వచ్చి చేరింది. బందరు పిల్లే, ట్రైనింగ్ అయి వచ్చింది. మొదటిరోజే సౌభాగ్యమ్మగారి ముందు గొంతుక్కూర్చుని, "మామ్మా, ఎక్కడ పట్టుకుంటే నొప్పి?" అని అడిగింది.

"కుడి చంకలోనమ్మా. ఇన్నాళ్ళూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు" అన్నారావిడ.

సాయిదుర్గకు చెళ్ళున చెంప మీద కొట్టినట్టయింది. తను రోజూ పట్టుకునేది ఆ కుడి చంకే.

నెల తిరక్కుండా కేక మారిపోయింది. "నాజ్నీన్ వచ్చిందా?" ఆవిడ కొంగున ముడేసి తెచ్చే జంతికలు కూడా అటే వెళ్ళాయి. తను ఎంత దగ్గరైనా 'మామ్మగారూ' అనే అంది. ఈ పిల్ల వచ్చీ రాగానే 'మామ్మా' అనేసింది, అదీ చెల్లిపోయింది. మొగుడు వెళ్ళిపోయినప్పుడు కూడా సాయిదుర్గ ఇంతలా కుళ్ళుకోలేదు.

ఒకరోజు నాజ్నీన్ వీల్‌చైర్ తేవడానికి వెళ్ళిన కాస్త సందులో సాయిదుర్గ ముసలావిడ చెవి దగ్గర వంగింది.

"నాకెందుకు గానీ మామ్మగారూ, ఆ పిల్లతో జాగ్రత్త. మొన్న ఒకాయన్ని జారవిడిచింది. పైకి చెప్పనివ్వలేదు."

అలాంటి ఆయన ఎవరూ లేరు.

తర్వాతి ట్రిప్పులో నాజ్నీన్ లేపుతుంటే సౌభాగ్యమ్మగారు బెదిరిపోయి ద్వారబంధం పట్టుకున్నారు. ఇద్దరూ తూలారు. నాజ్నీన్ ముసలావిడను ఒళ్ళోకి లాక్కుని తను కింద పడింది. ఆవిడకు గీత కూడా పడలేదు గానీ, సిమెంటు మెట్టుకు కొట్టుకుని ఈ పిల్ల మణికట్టు బూరెలా వాచింది.

"నువ్వు చెప్పావు గదే దుర్గా, ఈ పిల్ల జారవిడుస్తుందని!" అని సౌభాగ్యమ్మగారు అందరి ముందూ అరిచారు.

కొండయ్య తల తిప్పుకున్నాడు. వ్యానులో చాలా దూరం వెళ్ళాక నాజ్నీన్ మెల్లిగా అడిగింది. "ఎవర్ని జారవిడిచానక్కా?"



నాజ్నీన్ సెలవు పెట్టింది. కోరుకున్నట్టే ముసలావిడ చెయ్యి మళ్ళీ సాయిదుర్గ మెడ మీదికొచ్చింది. కానీ లేచిన ప్రతిసారీ "నువ్వు పడెయ్యవు కదా?" అని అడుగుతూనే ఉన్నారు. ఓ ఉదయం మంచం కోడు పట్టుకుని మొండికేశారు. "నేను రాను. ఏమైతే అదవుతుంది." కొడుకు బతిమాలాడు. డయాలసిస్ తప్పితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

సాయిదుర్గ కింద చతికిలబడింది.

"నేను అబద్ధం చెప్పాను మామ్మగారూ. ఆ పిల్ల ఎవర్నీ జారవిడవలేదు."

"ఎందుకు చెప్పావే?"

"మీరు దాన్ని పిలుస్తుంటే చూడలేకపోయాను."

ముసలావిడ ఆమెను తేరిపార చూశారు. తిట్టలేదు. "అయితే ఆ పిల్లనే తీసుకురా. అది పక్కనుంటేనే లేస్తాను."

ఆ సాయంత్రమే సాయిదుర్గ బందరులో నాజ్నీన్ వాళ్ళింటికి వెళ్ళింది. గడప బయటే నిలబడి, చేసిందంతా చెప్పి, రమ్మని అడిగింది.

"మామ్మ కోసం వస్తానక్కా. నీ కోసం కాదు" అంది నాజ్నీన్.

మర్నాడు చేతికి కట్టుతోనే వచ్చింది. సౌభాగ్యమ్మగారి చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పింది. సాయిదుర్గ ఈసారి కుడి చంక వదిలి, నడుము కింద చెయ్యి వేసి లేపింది. బరువంతా ఆమెది. ముసలావిడ మాత్రం నాజ్నీన్ మొహం మీంచి చూపు తిప్పలేదు. సాయిదుర్గకు గుండెలో కారం రాసినట్టే ఉంది. పళ్ళు బిగబట్టి, జాగ్రత్తగా సీట్లో కూర్చోబెట్టింది.

బందరుకు తిరుగుదారిలో చల్లపల్లిలో ఒక కొత్త రోగిని ఎక్కించుకోవాలి. బక్కపలచటి పెద్దాయన, అరుగు మీద భయంభయంగా కూర్చుని ఉన్నాడు. వ్యాను పూర్తిగా ఆగనైనా లేదు, నాజ్నీన్ కంటే ముందే సాయిదుర్గ కిందికి దూకింది.

"నా పేరు సాయిదుర్గ అండీ. ఎక్కడ పట్టుకుంటే నొప్పి?"