కుట్టు మానేదాకా

కుందేలు తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కోవడం మొదట చూసింది మా అత్త. ఆ సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి, వంటింటి వెనక వరండాలో బోను ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఈ చెవులపిల్లికి తిక్క పట్టుండాది. బొచ్చంతా పీకి ఆ మూల కుప్ప పెడతా ఉండాది, సూడు," అంది.

వంగి చూశాను. కుందేలు ఎండుగడ్డిని మీసాల్లా రెండు పక్కలా వేలాడేలా నోట కరుచుకుని, బోను మూలకి మోసుకుపోయి, తన బొచ్చుతో కలిపి గూడు కడుతోంది. అంతకు ముందు ఎండాకాలంలోనూ ఒకసారి ఇలాగే చేసింది. ఇంట్లో మగ కుందేలు లేదు. పిల్లలు పుట్టే అవకాశమే లేదు. అయినా గూడు మాత్రం శ్రద్ధగా కట్టింది.

మేం ఉండేది బెంగుళూరు బొమ్మనహళ్ళిలో, రెండో అంతస్తులో. నేను గార్మెంట్ ఫ్యాక్టరీ శాంపిల్ సెక్షన్‌లో టైలర్ని. మా ఆయనకు బొమ్మసంద్రలో షిఫ్టు ఉద్యోగం. కొడుకు తుమకూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. మా ఆయనతో పనిచేసే ఒకాయన ఇల్లు మారినప్పుడు, కొత్త ఓనరు జంతువులు వద్దన్నాడని కుందేల్ని బోనుతో సహా మాకిచ్చేశాడు. అత్తకి అది మొదటినుంచీ వింతే.

"మా నాయన కొండకి పోయి వీటిని కొట్టుకొస్తా ఉన్యాడు. మిరియాలు దంచేసి పులుసు చేస్తా ఉంటిమి. పులుసు చేసేదాన్ని కూసోబెట్టి మేపేది యాడన్నా ఉండాదా?" అని నవ్వేది. అంటూనే, పొద్దున వీధిలోకి బండి వస్తే మాకు మెంతి సొప్పు, దానికి కొత్తిమీర కట్ట విడివిడిగా కొనేది. ఆకుకూరని ఆమె ఎప్పుడూ కన్నడంలోలా సొప్పు అనే అనేది.

కుందేళ్ళని చూసే డాక్టరు దొరకడానికి కొంచెం తిరగాల్సి వచ్చింది. కుక్కలకీ పిల్లులకీ చాలామందే ఉన్నారు. చివరికి దొరికిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చింది. కుందేలు పొట్ట నొక్కి చూసి, "ఇది ఫాల్స్ ప్రెగ్నెన్సీ అండీ. కడుపుతో ఉన్నానని బాడీ అనుకుంటోంది, అంతే. కానీ ఆడ కుందేళ్ళకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో గడ్డలు రావడం చాలా కామన్. ఆపరేషన్ చేసి తీసేయించడం సేఫ్," అంది.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. దేనికైనా వెంటనే ఒక మాట అనేసే మనిషి, కుందేలికి గర్భసంచి తీస్తారంటే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆపరేషన్ రోజు పొద్దున మాత్రం నాతో గొడవ పడింది. నేను బోనులో గడ్డి పెడుతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆపరేషన్‌కి పొయ్యేదానికి మేత పెడతావా? పరగడుపుతో పోవల్ల!"

"కుందేళ్ళకి అట్లా కాదంట అత్తా. వీటికి వాంతి కాదు. పొట్ట ఖాళీగా ఉంటేనే ప్రమాదమంట. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, తిననిచ్చే తీసుకురమ్మని."

"ఏమో అప్పా," అని చెయ్యి వదిలింది, నమ్మకం లేకుండానే.

సాయంత్రం కుందేల్ని ఇచ్చారు. పొట్ట కింద బొచ్చు గొరిగేసి ఉంది, నున్నటి గులాబీరంగు చర్మం మీద నిలువుగా చిన్న కుట్టు. కళ్ళు సగం మూసుకుని, చెవులు వీపు మీదికి వాల్చేసి ఉంది. మెడకి ప్లాస్టిక్ గరాటా లాంటిది తగిలించారు, కుట్టుని నాకకుండా. నొప్పి మందు, సూదిలేని సిరంజి, నీళ్ళలో కలిపి తినిపించే మేత పొడి ఇచ్చి డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. వెచ్చగా ఉంచాలి. ఎగరనివ్వకూడదు. బోనులో రంపపు పొట్టు తీసేసి మెత్తటి గుడ్డ పరచాలి. అన్నిటికంటే ముఖ్యం, తినాలి, పెంటికలు వెయ్యాలి. కుందేలు తినడం మానేస్తే పేగులు ఆగిపోతాయి, ఆపరేషన్ కంటే అదే ఎక్కువ ప్రమాదం అంది.

గరాటాతో అది రాయిలా అయిపోయింది. ఒక్క అడుగు వేస్తే గరాటా అంచు నేలకి కొట్టుకునేది, అంతే, అక్కడే ఆగిపోయేది. గడ్డి ముందు పెట్టినా మూతి అందేది కాదు. డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"కొన్నిటికి కోన్ పడదండీ. తీసేయండి. కానీ కుట్టు లాగనివ్వకూడదు. చిన్న పిల్లల చొక్కా లాంటిది వేసి చూడండి," అంది.

అది నా పనే. మా ఆయన పాత బనియన్ ఒకటి తీసి, టేపు తెచ్చి కుందేల్ని కొలిచాను. ముందు కాళ్ళ మధ్య వెడల్పు, మెడ చుట్టూ, వీపు పొడవు. అమెరికా ఆర్డర్లకీ యూరప్ ఆర్డర్లకీ ఎన్నో శాంపిళ్ళు కుట్టాను గానీ, కొలత తీస్తుంటే ముక్కు అదురుతూ ఉండే పార్టీ మాత్రం ఇదే మొదలు. మొదటిది చంక దగ్గర బిగిసింది. విప్పి, అక్కడ కోసి, వీపు మీద ముడి వేసేలా పట్టీలు పెట్టి మళ్ళీ కుట్టాను. కుట్టు మడతలు లోపల చర్మానికి ఒరుసుకోకుండా బయటికి తిప్పాను. ఈసారి సరిపోయింది. తోక దగ్గర తెరిచి పెట్టాను, ఎందుకో చెప్పక్కర్లేదు.

చొక్కా వేసుకున్న కుందేలు కాసేపు అటూ ఇటూ చూసి, నాలుగడుగులు నడిచింది. తినలేదు.

మర్నాడు పొద్దునకీ తినలేదు. గుడ్డ మీద ఒక్క పెంటికా లేదు. నేను సెలవు పెట్టాను. పొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి, సిరంజిలోకి ఎక్కించి, దాని మూతి పక్కనుంచి పెట్టబోతే మూతి తిప్పేసింది. రెండోసారి నా వేలు కరిచింది. గట్టిగా పట్టుకుందామంటే కుట్టు గుర్తొచ్చి పట్టు వదిలేశాను. పొడి కలిపిన నీళ్ళు సగం నా ఒళ్ళోనే పడ్డాయి.

అత్త అంతసేపూ గడపలో నిలబడి చూసింది. ఆ తర్వాత చీర కొంగు నడుముకి దోపుకుని వచ్చి, "నువ్వు బెదర్తా ఉండావు, అదీ బెదర్తా ఉండాది. ఇట్లియ్యి," అంది. కాళ్ళు చాపి కూర్చుని, కుందేల్ని తువ్వాలులో చంటిబిడ్డని చుట్టినట్టు చుట్టి, తొడకి ఆనించుకుంది. "సుమ్నె ఉండు, ఊరికే ఉండు. నొప్పి ఉంటాది, నాకి తెల్సు. నొప్పని తినకుంటే ఎట్ల?" అంటూ బుగ్గ పక్కనుంచి ఒక్కొక్క చుక్కే వదిలింది. కుందేలు నమిలింది. మళ్ళీ ఒక చుక్క. చాలాసేపు పట్టింది. సిరంజి ఖాళీ అయ్యేదాకా అత్త కాలు కదపలేదు.

ఆ రోజంతా మా ఇద్దరికీ అదే పని. ఆమె తినిపించడం, నేను సిరంజి కడిగి మళ్ళీ కలపడం. మధ్యాహ్నం డాక్టరమ్మ తనే ఫోన్ చేసింది. నా చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టాను.

"రోజూ కుట్టు చూడండి. ఎర్రగా ఉందా, కారుతోందా, ముఖ్యంగా ఉబ్బిందా అని. ఉబ్బితే ఒక్కోసారి లోపలి కుట్టు వదిలి పేగు ముందుకొస్తుంది. అప్పుడు వెంటనే తీసుకురావాలి," అంది.

ఫోన్ పెట్టేశాక అత్త కుందేలి చెవి నిమురుతూ అడిగింది. "లోపలి కుట్టు వదిలితే, దానంతట అదే మళ్ళా అతుక్కుంటాదా?"

"లేదత్తా. డాక్టరే మళ్ళీ కుట్టాలి."

"ఎన్నేండ్లైనా అతుక్కోదా?"

నేను తలెత్తి చూశాను. "ఎవరికి?"

ఆమె నా వైపు చూడలేదు. "నాకీ తీసేసినారు కదా, గర్భసంచి. మా చింతామణి ఊరి ఆస్పత్రిలో. అప్పుడు ఈ కాలం మాదిరి కాదు. ఇంటికి వచ్చినంక మూడో దినమే నీళ్ళు మోసినా. పట్టు దారం తీసే రీలింగ్‌కి పోకుంటే జరగదు. పట్టుగూళ్ళు ఉడికే కాడ దినమంతా వంగి నిలబడల్ల. కొన్నాళ్ళకి కుట్టు కాడ ఉబ్బింది. పండుకుంటే లోపలికి పోతాది, లేస్తే వస్తాది. అట్లనే ఉండాది."

"ఇప్పటికీనా?"

"గుడ్డ కట్టుకుంటా కదా," అంది, అందులో వింతేముంది అన్నట్టు.

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె నడుము చుట్టూ చీరకింద ఒక గుడ్డ బిగించి కట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. నడుము నొప్పికేమో అనుకున్నాను. అలా కట్టుకునే ఆడవాళ్ళని మా ఊళ్ళోనూ చూశాను, అందుకే అడగాలని తోచలేదు.

ఆ సాయంత్రం మా ఆయన షిఫ్టు దిగి వచ్చాక చెప్పాను. చెప్పులు విప్పుతూ విన్నవాడు, రెండో చెప్పు విప్పకుండానే గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"ఆపరేషనా? నాకి అమ్మ అవ్వ వాళ్ళ ఊరికి పోయిందని చెప్పినారు. వచ్చేటప్పుడు నాకి బొమ్మ తేలేదని నేను అలిగింటి," అన్నాడు. లోపలికి వెళ్ళి తల్లి దగ్గర కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"నీకి చెప్పి ఏమి చేసేది? చెడ్డీ వేసుకునేది రాదు నీకప్పుడు," అంది అత్త.

"అప్పుడు కాదు. తర్వాత?"

"తర్వాత నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇంగ లే, కాళ్ళు కడుక్కో పో."

వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకుంటుండగా నేను బోను దగ్గరికి వెళ్ళాను. గుడ్డ మీద పెంటికలు. చిన్నవి, పొడిగా, గొలుసులా ఒకదానికొకటి అతుక్కుని. గట్టిగా కేకేశాను. ముగ్గురం వంగి వాటిని చూశాం. మా ఆయన ఫోటో తీసి డాక్టరమ్మకి పంపితే, ఆమె చేతులు జోడించిన బొమ్మ పంపింది. మర్నాడు కుందేలు తనంతట తానే కొత్తిమీర కాడ ఒకటి కొరికింది. ఆకులు వదిలేసి కాడలు తింది. దానికి అదే ఇష్టం.

కుందేలి కుట్టు శుభ్రంగా మానింది. ఎక్కడా ఉబ్బలేదు. గొరిగిన చోట బొచ్చు ముందు బూడిదరంగులో వచ్చి, తర్వాత తెల్లబడింది. గూడు కట్టడం మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

అత్తని ఆస్పత్రికి తీసుకెళ్ళడమే కష్టమైంది. "ఇన్నేండ్లు కానిది ఇప్పుడేమైతాది" అంది. దసరా కానీ అంది. చలికాలం పోనీ అంది. చివరికి ఒక రోజు ఉబ్బు లోపలికి పోవడం లేదని తనే చెప్పింది, పక్కకి తిరిగి, చాలా మెల్లిగా. ముఖం పాలిపోయి ఉంది. ఆటోలో వెంటనే తీసుకెళ్ళాం. సర్జన్ చేత్తో నెమ్మదిగా నొక్కి లోపలికి పంపి, "అదృష్టం, పేగు ఇరుక్కోలేదు. ఇక ఆలస్యం చెయ్యొద్దు," అని ఆ వారంలోనే ఆపరేషన్ చేశాడు. లోపల వల లాంటిది పెట్టి కుట్టాడు.

ఈసారి ఆమె నీళ్ళు మొయ్యలేదు. నేను కొన్ని రోజులు, మా ఆయన కొన్ని రోజులు సెలవు పెట్టాం. మొదట్లో ఆమెకి అది నచ్చలేదు. కొడుకు చేతి నుంచి గ్లాసు అందుకోవడానికి సిగ్గుపడేది. మా ఆయన దుప్పటి సర్దబోతే "పో అప్పా, నీకి పనిలేదా" అని కసిరేది. అతను వినకుండా సర్ది, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం నేను వచ్చేసరికి అతను తల్లి కాలిగోళ్ళు తీస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోవడం లేదు.

మెట్లు దిగొచ్చని డాక్టరు చెప్పిన రోజు, అత్త నా చెయ్యి పట్టుకుని కిందికి వచ్చింది. కింది వాటాలో ఉండే ముసలావిడ బట్టలు ఆరేస్తూ, చాన్నాళ్ళుగా కనబడలేదేమని కన్నడంలో అడిగింది. ఊరికి వెళ్ళానని చెబుతుందేమో అనుకున్నాను.

అత్త మెట్టు మీద కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నాకి ఆపరేషన్ అయింది," అని మొదలుపెట్టింది. చింతామణి ఆస్పత్రి నుంచి మొదలుపెట్టి, రీలింగ్, నీళ్ళ బిందెలు, నడుముకి కట్టిన గుడ్డ, అన్నీ చెప్పింది, సగం తెలుగులో, సగం కన్నడంలో. ఆవిడ బట్టల బకెట్ పక్కన పెట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. కొంతసేపయ్యాక, తనకీ ఎప్పటినుంచో ఒక ఇబ్బంది ఉందనీ, ఎవరికీ చెప్పలేదనీ అంది.

"ఏమి ఉండాది? చెప్పు," అంది అత్త. నేను పైకి వెళ్ళి ఇద్దరికీ కాఫీ పెట్టాను.