రెండు వేళ్ల సందు

మా మాస్టారు పోయారని ఆయన భార్య పిన్నిగారు ఫోన్ చేసినప్పుడు నేను పప్పులో పోపు పెడుతున్నాను. "పొద్దున కాఫీ తాగి పేపర్ పట్టుకున్నారే, అలాగే వెళ్లిపోయారు" అన్నారావిడ. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఈలోగా పోపు మాడి ఇల్లంతా కమురు వాసన. ఆయనే ఉంటే "మాడడమంటే ఏమిటమ్మా? బొగ్గు మిగలడం, అంతే" అనేవారు.

ఆయన గురించి రాయమని మన తెలుగు సంఘంవాళ్లు అడిగారు. రాస్తున్నాను గాని, పొగడడానికి కాదు. తొమ్మిదేళ్లుగా ఆయన మోసిన ఒక తప్పు ఆయనది కాదని చెప్పడానికి. చెప్పాల్సిన మనిషి పోయాక చెబుతున్నాను, నా బుద్ధికి తగ్గట్టే.

ఈ దేశం వచ్చిన కొత్తలో, పిస్కాటవేలో మేము మొదట ఉన్నది పాత రెండు వాటాల ఇల్లు. కింద మాస్టారు, పిన్నిగారు, పైన మేము. చుట్టరికం లేదు. ఆయన దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఇంటికొచ్చినా ఆ పాఠం ఆగేది కాదు. మా వంటింట్లోకి రాగానే ముందు స్టవ్ మంట చూసేవారు. "పసుపు మంట ఆకలి మంటమ్మా, దానికి గాలి చాలలేదు. నీలం మంట కడుపు నిండిన మంట." గిన్నె తిరగేసి అడుగున మసి వేలితో తుడిచి చూపించేవారు. అత్తగారు కూడా నన్నంత సతాయించి ఉండదు. కానీ ఆయన వెళ్లగానే ఆ బర్నర్ తీసి కడిగేదాన్ని.

డెబ్భై తొమ్మిదిలో గ్యాస్ స్టేషన్ల దగ్గర పెట్రోలుకి కార్లు బారులు తీరిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇల్లు వేడిచేసే ఆయిల్ ధర కూడా మండిపోతోంది. ఆ చలికాలం మొదట్లో ఒక శనివారం మాస్టారు ప్లాస్టిక్ షీట్లు, తెల్లగా కనబడీ కనబడని టేపు పట్టుకొచ్చి, మావారితో కలిసి మా కిటికీలన్నీ మూసేశారు. పడకగదిలో ఒక్క కిటికీ మాత్రం వదిలేశారు. దాన్ని కాస్త పైకెత్తి, సందులో రెండు వేళ్లు పెట్టి చూపించారు. "ఇది ముట్టుకోకండి. ఇంట్లో స్టవ్ ఉంది, మనుషులున్నారు, అందరికీ గాలి కావాలి. రెండు వేళ్ల సందు ఉండాలి."

నాకప్పుడు ఎనిమిదో నెల. రాత్రంతా ఆ సందులోంచి వచ్చే గాలికి కాళ్లు కొంకర్లు పోయాయి. "ఆయనకేం, ఎన్నైనా చెబుతారు" అనుకుని, మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ కిటికీ దించేసి, ఇల్లు మారినప్పుడు మిగిలిన గోధుమరంగు టేపు తీసి అంచుల వెంట గట్టిగా అతికించేశాను. పరదా లాగేశాను. మావారికి కూడా చెప్పలేదు.

జనవరిలో పాప పుట్టింది. పురిటికి బెజవాడ నుంచి మా అమ్మ వచ్చింది. పదకొండో రోజు స్నానం చేయించాక, "సాంబ్రాణి పొగ వెయ్యకుండా పసిదానికి తల ఎలా ఆరుతుందే? జలుబు చెయ్యదూ?" అంది. ఇంట్లో కుంపటి లేదు. ఎండాకాలం బార్బెక్యూకి కొన్న బొగ్గుల సంచీలో సగం మిగిలి ఉంది. అమ్మ వాటిని ఇనప మూకుట్లో వేసి, వెనక మెట్ల మీద ముట్టించి, నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చింది.

"అమ్మా, ఇల్లంతా మూసుంది, పరవాలేదా?" అన్నాను.

"పొగంతా బయటే పోయిందిగా, ఇంక భయమేమిటి? మనిళ్లల్లో ఎన్ని పురుళ్లు పోయలేదు!"

నిజమే, పొగ పిసరైనా లేదు. సాంబ్రాణి వేశాం, పాపకి చూపించాం, నా తల ఆరబెట్టుకున్నాను. ఎర్రటి నిప్పుని పారెయ్యడమెందుకని అమ్మ మూకుడు మంచం పక్కనే ఉంచింది. గది కమ్మగా వెచ్చబడింది. ఆ చలికాలంలో మొదటిసారి నా కాళ్లు వేడెక్కాయి.

కాసేపటికి తల దిమ్ముగా అనిపించింది. బాలింత నీరసం అనుకున్నాను. అమ్మ తనకీ కళ్లు తిరుగుతున్నాయంది, ప్రయాణం బడలిక అనుకుంది. పాలవేళ దాటినా పాప లేవలేదు. "పొగ వేస్తే ఎంత హాయిగా పడుకుందో చూడు" అని మురిసిపోయాం. ఇద్దరమూ మురిసిపోయాం!

మధ్యాహ్నం మూడింటికి మాస్టారు కాలేజీ నుంచి వచ్చి, పిన్నిగారు పథ్యానికి కొట్టిన కారప్పొడి ఇవ్వడానికి పైకొచ్చారు. గోడ పట్టుకుని వెళ్లి తలుపు తీశాను. ఆయన నా మొహం చూశారు, లోపలున్న మూకుడు చూశారు.

"ఆ నిప్పు ఎప్పుడు పెట్టారు?"

"స్నానం... అయ్యాక."

కారప్పొడి సీసా ఎక్కడ పడిందో తెలియదు. పాపని ఎత్తుకుని "లేవండి! ఇద్దరూ కిందికి నడవండి!" అని అరిచారు. ఆయన గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసింది. "పసిగుడ్డుని మంచులోకా! ఈయనకేమైనా మతి పోయిందా!" అని అమ్మ అరుస్తూనే నా భుజం పట్టుకుని దిగింది. మమ్మల్ని కింద పిన్నిగారికి అప్పగించి, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమని చెప్పి, ఆయన మళ్లీ పైకి పరిగెత్తారు. మూకుడు వచ్చి మంచులో పడి బుస్సుమంది. పైన ప్లాస్టిక్ షీట్లు చించుతున్న చప్పుడు వినిపించింది.

అంబులెన్స్‌లో ఆక్సిజన్ పెట్టాక పాప ఏడ్చింది. డాక్టర్ "ఇంకో గంట ఆలస్యమైతే" అని ఆపేశాడు.

ఆస్పత్రి వరండాలో మాస్టారు తడిసిన బూట్లతో నిలబడి ఉన్నారు. నాలో ఉన్న భయమంతా కోపమైపోయింది. "మీరే కదా ఇల్లంతా సీసాకి బిరడా బిగించినట్టు బిగించింది! పిల్లకేమైనా అయ్యుంటే?" అన్నాను. మావారి ముందు, అమ్మ ముందు, నర్సు ముందు.

ఆయన స్వెటర్ చేతికి ఒక టేపు ముక్క అంటుకుని ఉంది. గోధుమరంగు టేపు. నేను చూశాను. నేను చూడడం ఆయన చూశారు. మెల్లిగా దాన్ని పీకి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"అవునమ్మా" అన్నారు. "వేడి ఎలా ఆపుకోవాలో చెప్పాను. నిప్పు సంగతి చెప్పలేదు. తప్పు నాదే."

నేను పాప దుప్పటి సర్దే వంకతో లోపలికి నడిచాను.

ఆ తరవాత ఏటా మొదటి చలి పడగానే తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ ఆయన ఫోన్ చేసేవారు. "కిటికీ రెండు వేళ్లు తీశారా?" మీకందరికీ వచ్చే ఉంటుంది ఆ ఫోన్. కొత్తగా కాపురానికొచ్చిన జంట కనబడితే చాలు, కూర్చోబెట్టి చెప్పేవారు. "పొగ మంచిదమ్మా, దగ్గొస్తుంది, పారిపోతాం. గాలి చాలక సరిగ్గా కాలని బొగ్గు ఇచ్చే కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసనుండదు. మన రక్తం ఆక్సిజన్‌ని వదిలేసి దాన్నే పట్టుకుంటుంది." చివర్లో ప్రతిసారీ ఒకటే మాట: "నా పొరపాటు వల్ల ఒక పసిపిల్ల ప్రాణం మీదికొచ్చింది." నేను పక్కనే పులిహోర వడ్డిస్తూ ఉండేదాన్ని.

ఒకసారి న్యూయార్క్‌లో గుడికి మా కార్‌లో వెళ్తుంటే, మాస్టారు గ్యాలన్ పెట్రోలు కాలితే దాని బరువుకి మూడింతలు కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్నారు. మావారు నమ్మలేదు. "మిగతా బరువు గాలిదయ్యా, ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది" అన్నారు మాస్టారు. "అయితే మాస్టారూ, ఒకటి పోసి మూడు తీసుకుంటున్నాం, బేరం బాగానే ఉంది!" అని మావారు నవ్వారు. ఆయనా నవ్వారు, కానీ కిటికీలోంచి ముందున్న కార్ల వరస చూస్తూ ఉండిపోయారు.

కిందటి వేసవిలో ఎండలు దంచేసినప్పుడు మా పాప ఆయన్ని అడిగింది: "అంకుల్, కార్ స్మోక్ అంతా ఎక్కడ పోతుంది?"

"ఎక్కడికీ పోదు తల్లీ. కాలింది మాయమవదు, కనబడకుండా ఉంటుంది. చలికాలం కిటికీకి ప్లాస్టిక్ అతికిస్తాం చూడు, ఎండ వస్తుంది గాని వెచ్చదనం పోదు. అచ్చంగా అలాగే కాదనుకో, కానీ భూమి చుట్టూ ఆ గ్యాస్ పని అదే. కొంచెం ఉండాలి, లేకపోతే గడ్డకట్టుకుపోతాం. మనం ఏటేటా ఇంకో పొర అతికిస్తున్నాం."

"మరి విండో ఓపెన్ చెయ్యాలి కదా?"

"భూమికి కిటికీ లేదే! అతికించడం తగ్గించాలి." ఆ మాటకి నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆయన పోయిన మూడో రోజు, పిన్నిగారి దగ్గర కూర్చుని, టేపు సంగతి చెప్పేశాను. ఆవిడ నా మొహం కూడా చూడలేదు. "ఆ ముక్కా? బట్టలుతుకుతుంటే జేబులో దొరికింది. ఇదేమిటని అడిగాను. పారెయ్, ఎవరితోనూ అనకు, ఆ పిల్ల పచ్చి బాలింత అన్నారాయన" అన్నారు.

తొమ్మిదేళ్లు ఆవిడకీ తెలుసు. తొమ్మిదేళ్లు ఆవిడ నాకు ఊరగాయలు ఇచ్చారు.

ఇదీ నేను చెప్పదలచుకున్నది. ఆ కిటికీ మూసింది మాస్టారు కాదు, నేను.

ఆ రోజు వాళ్ల ముందుగదిలో ఆయన్ని పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. అగరొత్తులు వెలుగుతున్నాయి. బయట మంచు, లోపల ఇరవై మందిమి, తలుపులన్నీ మూసున్నాయి. మా పాప ఎవరినీ అడగకుండా లేచి వెళ్లి కిటికీ పైకెత్తింది. సందులో రెండు వేళ్లు పెట్టి చూసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చలిగాలి తిన్నగా నా కాళ్ల మీదికే వచ్చింది. ఎవరూ మూయమనలేదు. శాలువాలు దగ్గరకి లాక్కుని అలాగే కూర్చున్నాం.